గంజి పట్టిన గుడ్డ

“పదిమందిలో నిలబెట్టి అడిగేసొచ్చా. ఇంక ఆ విత్తనాల కొట్టు గడప తొక్కితే ఒట్టు!”

వెంకట్రామయ్య కండువా తీసి మంచం మీదికి విసిరాడు. గురజాల నుంచి మిట్టమధ్యాహ్నం ఆటోలో వచ్చిన మనిషి మంచినీళ్లు కూడా అడగలేదు. చేతిలో మనవరాలి స్టీలు పళ్లెం ఉంది. పళ్లెంలో పది మిరప గింజలు. పొద్దున ఎట్లా తీసుకెళ్లాడో అట్లాగే తెచ్చాడు, ఒక్కటి జారిపోకుండా.

“జబ్బార్ అన్నయ్య ఏమన్నాడు?” అంది సుబ్బరత్నమ్మ.

“ఏమంటాడు? ‘సీలు వేసిన పాకెట్టే ఇచ్చాను గదా బావా, ఇంకో నాలుగు రోజులు చూడు’ అన్నాడు. పళ్లెం తీసి కౌంటర్ మీద పెట్టా. పది గింజలు, పది రోజులు. ఒక్కటంటే ఒక్కటి మొలవలా. మా రెండో తరగతి పిల్ల రోజూ చూసి నోట్‌బుక్‌లో రాసింది, కావాలంటే చదువుకో అన్నా.”

“అంత మందిలోనా?”

“అంత మందిలోనే! అదే పాకెట్లు కొన్నోళ్లు పదిహేను మంది ఉన్నారాడ. అందరూ లేచారు. ముప్పై ఏళ్లు బావా బావా అని భుజం మీద చెయ్యేసి చచ్చిన గింజలు అంటగడతాడా నాకు?”

వంటింట్లో పెద్దకోడలు కోటేశ్వరి చేతిలో పప్పుగుత్తి ఆగిపోయింది.

“జోషితమ్మకి తెలిసిన పాటి మనకి తెలవలేదు,” సుబ్బరత్నమ్మ గొంతులో గర్వం.

“దానికి తెలియడమేందే? అంతా చిన్నకోడలు చలవ. ఆ అమ్మాయి గుడ్డలో గింజలు కట్టించకపోతే అయిదెకరాలకి నారు పోసుకుని నెత్తిన చేతులు పెట్టుకునేవాళ్లం. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఎట్టుంటదో చూడు. ఏమ్మా కోటేశ్వరీ, వినపడుతుందా?”

“ఆఁ మామయ్యా,” అంది కోటేశ్వరి.

పొయ్యి పక్క అలమర వైపు చూసింది. గింజలు లేని గుడ్డ నిన్నటి నుంచి అక్కడే ఉంది. నీళ్లు చల్లేవాళ్లు లేక ఆరిపోయి, మడత మడతలాగే నిలబడి ఉంది. తీసి పొయ్యిలో పడేద్దామని పొద్దుటి నుంచి నాలుగుసార్లు అనుకుంది. నాలుగుసార్లూ ఎవరో ఒకరు వచ్చారు.

ఆ పది గింజల్నీ చంపింది జబ్బార్ కొట్టు కాదు. తను.

*

ఈ ఇంట్లో సైన్సు అనే మాట మొదలైంది తోడికోడలు పూర్ణిమ వచ్చాకే. బీయస్సీ, బీఈడీ చదివి డీఎస్సీకి తయారవుతున్న పిల్ల. పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే కోటేశ్వరికి బాధ లేదు. ఆ పుస్తకాలు వదిలి వంటింట్లోకి రావడంతోనే వచ్చింది తంటా.

ఒకరోజు జోషిత తల్లినే అడిగింది, “అమ్మా, తాలింపులో ఆవాలు ఎందుకు చిటపటమంటాయి?” అని.

“మూకుడు దగ్గర్నుంచి లే ముందు. కంట్లో పడితే గుడ్డిదానివవుతావు,” అంది కోటేశ్వరి. ఆవగింజ ఎగిరి కూతురి కంట్లో పడడం, నరసరావుపేట ఆసుపత్రి, పట్టీ కట్టిన కన్ను, పెళ్లిచూపుల్లో వాళ్లు ఆ కన్ను వైపు చూడడం, అన్నీ ఆ ఒక్క క్షణంలో ఆమె కళ్ల ముందు నడిచిపోయాయి.

పిల్ల లేచిపోయింది. కాసేపటికి తాతయ్య కళ్లజోడు పెట్టుకుని, పిన్ని చెయ్యి పట్టుకుని తిరిగొచ్చింది. “ఆవగింజ లోపల కాసిని నీళ్లుంటాయంట అమ్మా! వేడికి ఆవిరై తోసుకుని బయటికొస్తాయంట. నీకు తెలవదా?”

పదేళ్లుగా రోజూ తాలింపు వేస్తున్న కోటేశ్వరికి తెలియదు. పదో తరగతి తప్పిన చోటే ఆమె చదువు ఆగిపోయింది.

ఆ తర్వాత పిల్ల తల్లిని ఏమీ అడగలేదు. పాలు ఎందుకు పొంగుతాయో, పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎందుకు ఎర్రబడతాయో, ఉల్లిపాయ కోస్తే కళ్లెందుకు మండుతాయో, అన్నీ పిన్ని గదిలోనే. కోటేశ్వరి గరిటెలు, కోటేశ్వరి గిన్నెలు, కోటేశ్వరి డబ్బాల్లోని ఉప్పూ పసుపూ. జవాబులు మాత్రం పూర్ణిమవి. నోట్‌బుక్ మీద అతికించిన కాగితంలో పిల్ల రెండు పేర్లు రాసుకుంది: జోషిత, పూర్ణిమ పిన్ని. మూడో పేరుకి చోటుంది. రాయలేదు.

మిరప గింజలు కట్టిన రోజు కోటేశ్వరికి ఓపిక నశించింది. “మందు పట్టించిన గింజలు పసిదాని చేతికిస్తావా? నోట్లో పెట్టుకుంటే ఎవరిదమ్మా పూచీ?” అని మొదలుపెట్టింది. “చేతులు కడిగిస్తున్నా అక్కా, చెంచాతోనే తీయిస్తున్నా,” అంది పూర్ణిమ. ఆ నిదానమే కోటేశ్వరికి మండించింది. నాలుగు రోజులు మాటకి మాట పెరిగి, ఆఖరికి అనకూడని మాట అనేసింది. “నీకు పుట్టినప్పుడు నేర్పుకో నీ సైన్సు. నా పిల్లని వదిలెయ్!”

పూర్ణిమ సంచీ సర్దుకుంది. తెల్లారి మొదటి బస్సుకి శావల్యాపురం పుట్టింటికి వెళ్లిపోయింది.

పూర్ణిమ వెళ్లినా పిల్ల తల్లి దగ్గరికి రాలేదు. అలమర ముందు పీట వేసుకుని గుడ్డకి నీళ్లు చల్లుతూ కూర్చుంది. “పిన్ని వచ్చేసరికి మొలవాలి,” అంది తనలో తను. ఆ మాట విన్న మధ్యాహ్నమే, పిల్ల బడికెళ్లాక, అన్నం వార్చిన గంజి పొగలు కక్కుతుండగా గుడ్డ మీద పోసింది కోటేశ్వరి. చల్లారాక గుడ్డని పిండేసి, మళ్లీ అదే మడతలో, అదే చోట పెట్టింది. పిన్ని చెప్పింది కూడా ఒక్కోసారి తప్పవుతుందని పిల్ల చూడాలి. అంతే ఆమె కోరింది.

ఇప్పుడేమైంది? గింజలు చచ్చాయి. పూర్ణిమ పేరు బతికింది. మామగారి నోట, అత్తగారి నోట, గురజాల బజారు నోట చిన్నకోడలి మాటే.

పప్పుగుత్తి గోడకేసి కొట్టాలనిపించింది కోటేశ్వరికి.

*

నాలుగు గంటలప్పుడు గడపలో జీనత్ కనపడింది. జబ్బార్ భార్య. ఎప్పుడొచ్చినా చేతిలో పిల్లకేదో ఒక పొట్లం ఉండేది. ఈ రోజు చేతులు ఖాళీగా ఉన్నాయి.

“రా వదినా,” అంది సుబ్బరత్నమ్మ, ముఖం చూడకుండా.

వెంకట్రామయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయే మనిషి ఊపిరి అట్లా ఉండదని అందరికీ తెలుసు.

“అన్నయ్యా,” అంది జీనత్ ఆ వీపుతో. “కొడతానంటే వచ్చి కొట్టు. నీ బావేగా, పడతాడు. బజార్లో అట్టా నిలబెట్టి అడిగితివి, ఇంక మేం ఏ మొఖం పెట్టుకుని గురజాలలో తిరగాల?”

వీపు కదల్లేదు.

“గింజ మొలవకపోతే ఆయన చేస్తాడా గింజని? కంపెనీ ఇచ్చింది అమ్ముద్ది కొట్టు. నువ్వొచ్చి వెళ్లినంక పాకెట్లు పట్టుకుని నలభై మంది నిలబడ్డారు. రేపు పదింటికి వ్యవసాయ శాఖ వాళ్లొచ్చి నమూనాలు తీసుకుంటారంట. లైసెన్సు ఆపేస్తారని ఒకడు, కేసు పెడతారని ఒకడు. అప్పటికప్పుడు షట్టర్ దించేశాడు. అన్నం పెడితే ముట్టలా.”

“ఇప్పుడు యాడున్నాడు?” అంది కోటేశ్వరి. తనకి తెలియకుండానే వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది.

“కొట్టు వెనక గోడౌన్లో కూర్చున్నాడమ్మా. ఒక్కణ్ణే ఉండనీండి అంటాడు. మా పెద్దోడు బయట కాపలా ఉన్నాడు.”

గోడౌన్. ఆ గోడౌన్ కోటేశ్వరి చూసింది. నేల నుంచి కప్పు దాకా పురుగుమందుల పెట్టెలు. ఆ వాసన ఇప్పుడు తన వంటింట్లోనే వస్తున్నట్టయింది. పెద్దోడు టీకి వెళ్తే? కునుకు తీస్తే?

“అత్తా, మీ పెద్దోణ్ణి లోపల కూర్చోమని చెప్పు,” అంది గబగబా. “బయట కాదు, లోపల. ఫోన్ చెయ్యి ఇప్పుడే.”

జీనత్ ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. తర్వాత ఏదో అర్థమై ముఖం పాలిపోయింది. కొడుక్కి ఫోన్ చేసి మాట్లాడింది. పెట్టేశాక కోటేశ్వరి చెయ్యి పట్టుకుంది.

“ఈ ఇంట్లో ఆయన గురించి భయపడింది నువ్వొక్కదానివేనమ్మా. కడుపున పుట్టిన కూతురు కూడా ఇంత ఇదవ్వదు.”

ఆ చెయ్యి వదిలించుకోలేకపోయింది కోటేశ్వరి.

చెప్పేస్తే? అత్తా, గింజలు మంచివే, నేనే గంజి పోశాను. ఆరు మాటలు. గుక్కలో అయిపోతాయి. అయ్యాక? ఎందుకు పోశావంటారు. మొగుడు నవీన్ అడుగుతాడు, మామ అడుగుతాడు, ఊరు అడుగుతుంది. ఏడేళ్ల పిల్ల ఆడుకుంటున్న పది గింజల మీద నీకేందమ్మా పగ? పిల్ల అడుగుతుంది. అప్పుడు తల్లి దగ్గర ఇప్పుడున్న కాస్త చనువూ ఉండదు. చీర కొంగు పట్టుకుని పడుకునే ఆ అరగంట కూడా పిన్ని గదిలోకి వెళ్లిపోతుంది.

“అత్తా...” అంది.

“చెప్పమ్మా.”

“ఆ గింజలు...”

వీధి గుమ్మం ముందు ఆటో ఆగిన చప్పుడు. “తాతయ్యా! తాతయ్యా!” అంటూ జోషిత లోపలికి పరుగెత్తుకొచ్చింది, బడి సంచీ ఒక భుజం మీద వేలాడుతూ. వెనకాల పూర్ణిమ. చేతిలో చిన్న స్టీలు టిఫిన్ డబ్బా.

*

“ఫోన్లో మీ చిన్నబ్బాయి చెప్పారు మామయ్యా, కొట్టు దగ్గర గొడవైందని,” అంది పూర్ణిమ. చెమటతో తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. “వెంటనే బస్సెక్కా. దారిలో బడి దగ్గర దిగి పిల్లని తీసుకొచ్చా. ముందే తెలిస్తే ఇంత కానిచ్చేదాన్ని కాదు. నేను రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నా. పిల్ల పడుకుందనో, బయటికెళ్లిందనో...”

ఆ ఫోన్లు ఎత్తింది ఎవరో ఆమె చెప్పలేదు. కోటేశ్వరి నేలవైపు చూసింది.

వెంకట్రామయ్య లేచి కూర్చున్నాడు. “ఏందమ్మా ఆ డబ్బా?”

“నేను చెప్తా, నేను చెప్తా!” జోషిత డబ్బా లాక్కుని మంచం మీద పెట్టింది. “తాతయ్యా, మేం రెండు మూటలు కట్టాం. ఒకే పాకెట్లో గింజలు. నీ పాత పంచె చింపి రెండు ముక్కలు. ఒకటి పొయ్యి పక్క వెచ్చగా, ఇంకోటి పిన్ని గదిలో మంచం కింద. ఏది ముందు మొలుచుద్దో చూద్దామని. ఊరెళ్తంటే పిన్నికిచ్చా, నీళ్లు చల్లమని. అవి మొలిచాయో లేదో ఇందాక డబ్బా చూసిందాకా నాకూ తెలవదు.”

“నాకు చెప్పలేదే?” అంది కోటేశ్వరి. ఆ సమయంలో అడగాల్సిన మాట అది కాదు. అయినా నోట్లోంచి అదే వచ్చింది.

“నువ్వు భయపడతావని,” అంది పిల్ల, మూత తీస్తూ.

తడి గుడ్డ విప్పింది. పది గింజల్లో తొమ్మిది పగిలి ఉన్నాయి. తెల్లటి వేళ్లు గుడ్డ పోగుల్లోకి దిగి, కొన్నిటికి లేత ఆకుపచ్చ తలలు కూడా లేచాయి.



జీనత్ మంచం పక్కన చతికిలబడింది. ఆ మొలకల మీదికి వంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. “చూశావా అన్నయ్యా? చూశావా?”

వెంకట్రామయ్య పళ్లెంలోని చచ్చిన గింజల వైపు, డబ్బాలోని మొలకల వైపు చూశాడు. మళ్లీ చూశాడు.

“ఒకే పాకెట్టేనా తల్లీ? సరిగ్గా గుర్తుందా?” అన్నాడు చివరికి.

“నువ్వేగా పాకెట్టు కత్తిరించావు! నా చెంచా నిండా గింజలు పోశావు, అందులోంచి ఇరవై తీసుకున్నాం.”

“మరైతే ఆ పదింటికి ఏం రోగమొచ్చింది?” అంది సుబ్బరత్నమ్మ.

“అదే కనుక్కోవాలి నానమ్మా.” జోషిత సంచీలోంచి నోట్‌బుక్, పెన్సిలు తీసింది. “రెంటికీ తేడా ఏందో చూస్తే తెలిసిపోద్ది. పిన్ని చెప్పింది. గింజ ఒకటే. గుడ్డ ఒకటే. పొయ్యి పక్కది వెచ్చగా ఉంది గదా, ఇంకా ముందే మొలవాలి. మొలవలేదంటే ఇంకేదో తేడా ఉంది.”

పిల్ల వంటింట్లోకి నడిచింది. కోటేశ్వరి అడ్డం వెళ్లాలనుకుంది. వెళ్లలేదు.

ఆరిన గుడ్డతో తిరిగొచ్చింది జోషిత. దాన్ని వంచింది. అది వంగలేదు, విరిగినట్టు మడతపడింది. తడి గుడ్డని వేళ్లతో నలిపింది. దీన్ని నలిపింది. కనుబొమలు ముడిచింది.

“ఇది గట్టిగా ఉంది పిన్నీ. తాతయ్య పెళ్లికి కట్టుకెళ్లే పంచె లాగా.”

పూర్ణిమ గుడ్డ అందుకుంది. బొటనవేలితో ఒకసారి రుద్దింది. తెల్లటి పొట్టు రాలింది. ఆమె తలెత్తి వంటింటి గుమ్మం వైపు చూసింది. కోటేశ్వరి ఆ చూపు తప్పించుకోలేకపోయింది. అందులో కోపం ఉంటే బాగుండేది. లేదు.

“మన కుళాయి నీళ్లు చప్పగా ఉండవుగా,” అంది పూర్ణిమ మెల్లగా. “ఉప్పు పేరుకుని ఉంటుంది. పొయ్యి వేడికి గట్టిపడి ఉంటుంది. వదిలెయ్ బంగారం. ముందు జబ్బార్ తాతయ్యకి ఫోన్ చేద్దాం.”

కాపాడుతోంది. ఆ మాట చెవిలో పడగానే కోటేశ్వరి ఒళ్లంతా భగ్గుమంది. అనరాని మాట అనిపించుకుని వెళ్లిన మనిషి, తిరిగొచ్చి తన పరువు కాస్తోంది. ఇందులో కూడా పైచెయ్యి పూర్ణిమదే కావాలి! నిందించినా భరించేదాన్ని, ఈ దయని ఎట్లా భరించేది?

“ఇటియ్యమ్మా ఆ గుడ్డ,” అంది సుబ్బరత్నమ్మ చెయ్యి చాచి. నలభై ఏళ్లుగా మొగుడి పంచెలకి గంజి పెడుతున్న చెయ్యి అది.

పూర్ణిమ గుడ్డని పిడికిట్లో దాచుకుంది. “ఎందుకత్తయ్యా ఇప్పుడు...”

“ఇటియ్యమంటన్నానా!”

“ఉప్పు కాదు పిన్నీ,” అంది జోషిత. అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. “నువ్వెళ్లేటప్పుడు సీసాలో తీసుకెళ్లింది కూడా మన కుళాయి నీళ్లే. నీళ్లు మార్చకూడదన్నావు గదా. అంటే తేడా నీళ్లది కాదు.” పెన్సిలు చివర కొరుకుతూ ఆలోచించింది. “నాకు తెలవదు. నీకూ తెలవదు.”

తర్వాత మెల్లగా వంటింటి వైపు తిరిగింది. ఆవాల రోజు తర్వాత ఇన్ని నెలలకి, తెలుసుకోవాలన్న ఆ మెరిసే కళ్లతో తల్లి ముఖంలోకి చూసింది.

“అమ్మా, పొయ్యి దగ్గర రోజంతా నువ్వేగా ఉండేది. నీకు తెలుసా?”

ఎన్ని రాత్రులు ఈ ప్రశ్న కోసం కాచుకుందో కోటేశ్వరికే తెలుసు. అది ఈ గదిలో, ఈ మనుషుల ముందు, ఇట్లా వస్తుందని మాత్రం అనుకోలేదు.

జీనత్ చేతిలో ఫోన్ మోగింది. పెద్దోడి పేరు. ఆమె దాన్ని ఎత్తకుండా కోటేశ్వరి వైపే చూస్తోంది. సుబ్బరత్నమ్మ చాచిన చెయ్యి ఇంకా అట్లాగే ఉంది.

లోపల ఎసరు పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. ఎవరూ లేవలేదు.

జోషిత కొత్త పేజీ తిప్పి, పెన్సిలు ఆనించి, తల్లి చెప్పబోయేది రాసుకోవడానికి ఎదురుచూస్తోంది.

“తెలుసు,” అంది కోటేశ్వరి.